పెట్రోలు పన్ను తగ్గిస్తే ఊరట దొరుకుతుందా?

ప్రశ్న (హనుమకొండ):
తెలంగాణలో పెట్రోలుపై రాష్ట్రం వేసే వ్యాట్ 35.2 శాతం. కేంద్రం ఎక్సైజ్ సుంకం మీద కూడా వ్యాట్ పడుతుంది. టెక్సస్‌లో పన్ను నామమాత్రమేనని మా బావ అంటారు. ఇక్కడ కూడా అలా తగ్గిస్తే మధ్యతరగతికి మేలు కదా?

జవాబు (ప్లానో, టెక్సస్):
మీ బావగారు చెప్పింది నిజమే. గ్యాలన్‌కు (దాదాపు 3.8 లీటర్లు) అమెరికా కేంద్ర పన్ను 18.4 సెంట్లు, 1993 నుంచి మారలేదు. టెక్సస్ పన్ను 20 సెంట్లు, 1991 నుంచి అంతే. రెండూ కలిపితే లీటరుకు సుమారు 10 సెంట్లు. అయినా మాకు మిగిలేది లేదండీ. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లాలంటే రెండు కార్లు, రెండు బీమాలు, రెండు వాయిదాలు. పాల కోసమైనా కారు తీయాల్సిందే. తెనాలిలో ఆటో ఎక్కి ఒంటరిగా గుడికి వెళ్లొచ్చే మా అమ్మ, ఇక్కడికి వస్తే మేము తీసుకెళ్లే దాకా గడప దాటలేదు. అది చూస్తే నాకు చాలా బాధ. ఇళ్లు ఇంత ఎడంగా ఉంటే బస్సు నడిపినా ఎక్కేవాళ్లు చాలరు. ప్లానో నుంచి డాలస్‌కు డార్ట్ (డాలస్ ప్రాంత ఊళ్లు కలిసి నడిపే రవాణా సంస్థ) రైలు ఉంది కానీ స్టేషనుకు వెళ్లడానికీ కారే. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన పక్క ఊరు ఫ్రిస్కో అయితే డార్ట్‌లో చేరనే లేదు.

జవాబు (కూకట్‌పల్లి):
మాకు జనసాంద్రతకు కొదవ లేదు, 2017 నుంచి మెట్రో కూడా ఉంది. సాయంత్రం మియాపూర్ రైలులో నిలబడడమే కష్టం. దిగాక ఇంటిదాకా బస్సు లేదు, ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వాలి. అందుకే బైకు కొన్నాను.

జవాబు (గద్వాల దగ్గరి పల్లె):
ఇవన్నీ పట్నం మాటలు. మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒకటి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే, కానీ బస్సులు పెరగలేదు. బండి లేకుండా మార్కెట్ యార్డుకు ఎలా వెళ్లను? పన్ను నా మీదే పడుతోంది.

జవాబు (ప్లానో, టెక్సస్):
గద్వాల అన్నగారి మాట కాదనలేను. అయితే లీటరుకు ఇంత అని తగ్గిస్తే ఎక్కువ మిగిలేది పెద్ద కారు ఉన్నవారికే, మీ బండికి దక్కేది కొద్దిగా. పన్ను తగ్గించే బదులు ఆ డబ్బుతో మీ ఊరికి మధ్యాహ్నం ఇంకో బస్సు, కూకట్‌పల్లి స్టేషను నుంచి కాలనీలకు చిన్న బస్సులు వేయమని అడగండి. పెట్రోలు పన్నులో బస్సులకు ఎంత వెళ్తోందో మీ ఎమ్మెల్యేని లెక్క అడగండి.