రెండున్నర లక్షల్లో పాత చిన్న కారు: ఐ10 మేలా, వ్యాగనార్ మేలా?

ప్రశ్న:
విజయవాడలో రోజూ పాతిక కి.మీ. తిరుగుడు, సగం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోనే. రిపేర్లతో కలిపి రెండున్నర లక్షలు దాటకూడదు. రెండు బళ్లున్నాయి. 2013 ఐ10 1.1 పెట్రోలు, ఏపీ నంబరు, మీటరు 78 వేలు, ధర 2.20. 2015 వ్యాగనార్, టీఎస్ నంబరు, 64 వేలు, 2.40. ఏది తీసుకోమంటారు? ఏమేం చూడాలి?

జవాబు 1:
ఐ10లో 1.1కి టైమింగ్ బెల్టు (ఇంజను లోపల వాల్వులను వేళకు తెరిచి మూసేలా తిప్పే రబ్బరు పట్టీ), 1.2కి ఆ పనికే చైను. 78 వేలు తిరిగిందంటే బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి, నోటిమాట కుదరదు. అది తెగితే వాల్వులు వంగి హెడ్డు విప్పాల్సి వస్తుంది.

పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకోరోజు రండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగొస్తే ఆయిలు తాగుతున్నట్టు. ఆయిలు మూత అడుగున పాల టీ రంగు జిగురుంటే హెడ్ గాస్కెట్ (ఇంజనులో ఆయిలూ నీళ్లూ కలవకుండా ఆపే సీలు) పోయిందని అనుమానం. నాలుగో గేరులో నలభైలో వెళ్తూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కండి. మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు మునిగిన బళ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర మట్టి చార ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల కింద తుప్పు కూడా. పైపైన కడిగినవాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

జవాబు 2:
వ్యాగనార్ 2.40తో ఆగదండీ. తెలంగాణ ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28) తేవాలి, ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలో అప్పు కొట్టేయించే ఫారం 35 అదనం. పేరు మార్పిడి కాగితాలు ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టిస్తామంటే ఒప్పుకోకండి, పేరు మారాకే చివరి డబ్బులివ్వండి. ఐ10 ఆర్సీ 2028లో ముగుస్తుంది. ఆపైన ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్.

జవాబు 3:
బెల్టు బదులు టైమింగ్ చైనుందని వ్యాగనార్ మీద ధీమా వద్దు. ఆయిలు వేళకు మార్చకపోతే అదీ సాగుతుంది, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి రెండు సెకన్లు గలగలమంటుంది. మీటరు అంకెల్నీ నమ్మకండి. 64 వేలకే పెడల్ రబ్బరు నున్నగా అరిగితే ఎక్కడో తేడా ఉంది. టైర్ల వయసు కూడా మీటరుతో పోల్చి చూడండి: టైరు మీద తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు 2219 అంటే 2019లో 22వ వారం తయారీ.

ప్రశ్నించినవారు:
ఐ10 ఆయనకి ఫోన్ చేశాను, బెల్టు బిల్లు లేదట. ఎంత తగ్గించమనాలి?

జవాబు 1:
ముందు ఆటోనగర్‌లో బెల్టు, టెన్షనరు (బెల్టును బిగువుగా పట్టి ఉంచే భాగం), లేబరు కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ మొత్తం ధరలోంచి తీసేయమనండి. పాత టెన్షనరు మీద కొత్త బెల్టు మాత్రం వేయించకండి.