నాలుగేళ్ల పిల్లతో క్రిస్మస్ ‘థాంక్స్ డబ్బా’: కృతజ్ఞత నేర్పుతున్నామా, నటన నేర్పుతున్నామా?

గోరువంక (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ వందనాలు. మా బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు నిండాయి. ఈసారి అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం నుంచి క్రిస్మస్ వరకు ఇంట్లో మూడు పనులు పెట్టుకున్నాను. ఒకటి, మూతకి కంత పెట్టిన డబ్బా. రోజూ పడుకునే ముందు ‘ఈ రోజు దేవుడికి దేనికి థాంక్స్ చెప్తావు?’ అని అడిగి ఒక చీటీ వేయించడం. పాపకి రాయడం రాదు కాబట్టి బొమ్మ గీస్తుంది. రెండు, తమ బొమ్మల్లో బాగున్నది ఒకటి ఎవరికైనా ఇవ్వడం. మూడు, బైబిల్లో లూకా సువార్త 17లోని పదిమంది కుష్ఠురోగుల కథ చేతివేళ్లతో. యేసు పదిమందినీ బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చి థాంక్స్ చెప్తాడు. పది వేళ్లకీ మొహాలు గీసుకుంటాం. పది వేళ్లూ వీపు వెనక్కి వెళ్లిపోతాయి, ఒక్క వేలు మాత్రం తిరిగొచ్చి వంగి దండం పెడుతుంది.

తొమ్మిది రోజులు బాగానే నడిచింది. పదో రోజు పాప ‘ఏం లేదు’ అంది. చీటీ వేస్తేనే కథ అన్నాను. ఏడ్చింది. నిన్నయితే పెన్సిల్ పట్టుకుని, ‘ఏం గీయాలో నువ్వే చెప్పు, అదే గీస్తా’ అంది. మావారు పక్క గదిలోంచి ‘ఇది కృతజ్ఞత కాదు, హాజరు పట్టీ’ అన్నారు. ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. ఈ వయసు పిల్లలకి ఇలాంటివి పనికొస్తాయా, మానేయమంటారా?

నిద్రలేనినాన్న
మావాడు వారం రోజులు వరసగా డైనోసార్‌కి థాంక్స్ చెప్పాడు. దేవుడు సర్దుకుపోయి ఉంటాడు.

సండేస్కూల్‌అక్క
మానకండి సిస్టర్. 16 ఏళ్లుగా చిన్నపిల్లల క్లాసు చెప్తున్నాను. మాట ముందు వస్తుంది, మనసు తర్వాత వస్తుంది. పళ్లు తోముకోవడం ఇష్టమయ్యాకే తోముకోమంటామా? బైబిల్లో కీర్తన 136 చూడండి, 26 వచనాలు. ప్రతి వచనం చివరా ‘ఆయన కృప నిరంతరముండును’ అనే మాటే. పెద్దవాళ్ల చేతే 26 సార్లు అనిపించారంటే, పిల్లలకి రోజుకొక్కసారి బరువా?

పాతపెన్ను
డబ్బా సంగతి తర్వాత. వేళ్ల కథలోనే తప్పుంది. ‘వెళ్లి యాజకులకు (గుడి పూజారులకు) కనబరచుకోండి’ అన్నది యేసే, 14వ వచనం. తొమ్మిదిమందీ ఆ మాట ప్రకారమే నడుస్తున్నారు. బైబిల్లోని పాత ధర్మశాస్త్రం, లేవీయకాండం 14 ప్రకారం యాజకుడు చూసి శుద్ధుడని చెబితేనే వాళ్లు మళ్లీ మనుషుల్లో కలవగలరు. చెప్పిన పని చేస్తున్న తొమ్మిదిమందిని పిల్లల ముందు కృతఘ్నుల్ని చేసి వీపు వెనక దాచడం అన్యాయం.

సండేస్కూల్‌అక్క
బ్రదర్, ‘ఆ తొమ్మండుగురు ఎక్కడ?’ అని అడిగిందీ యేసే. 17వ వచనం. అదీ చదవండి.

పాతపెన్ను
చదివాను. అడిగాడు. తిట్టలేదు. అడగడానికీ తిట్టడానికీ తేడా ఉంది.

లెక్కలమాస్టారు
పరిశోధన వైపు నుంచి ఒక మాట. మంచి విషయాలు లెక్కపెట్టుకుని రాసుకునే పద్ధతి మీద 2003లో ఎమన్స్, మెక్‌కలొ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు బాగా పేరున్నవి, కానీ వాటిలో పాల్గొన్నది పెద్దవాళ్లు. 2008లో ఫ్రో బృందం బడిపిల్లల మీద చేసింది, వాళ్లు 11 నుంచి 13 ఏళ్లవాళ్లు. నాలుగేళ్ల పిల్ల సంగతి వేరు. ‘ఎదుటి మనిషి మనసులో నాకు తెలియనిది ఉంటుంది’ అన్న సంగతి అప్పుడప్పుడే తెలిసే వయసది. ఒకరు తన కోసం కావాలని ఏదో చేశారని ఊహించగలిగితే కదా కృతజ్ఞత పుట్టేది. ఇంకొకటి, 2005లో ల్యుబోమిర్స్కీ బృందం పోల్చి చూస్తే, వారానికి మూడుసార్లు రాసినవాళ్ల కంటే ఒక్కసారే రాసినవాళ్లకే మేలు కనిపించింది. రోజూ అడగడమే మీ ఇంట్లో ఇబ్బందేమో.

సండేస్కూల్‌అక్క
ప్రార్థన కూడా వారానికి ఒకసారి చాలంటారా మాస్టారు?

లెక్కలమాస్టారు
నేను ప్రార్థన మాట ఎత్తలేదు మేడమ్.

రెండోగౌను
డబ్బా గురించి నాకు పట్టింపు లేదు. మీ రెండో పని, బొమ్మ ఇవ్వడం, దాని గురించి రాస్తాను. నాకు ఆరేళ్లప్పుడు క్రిస్మస్ ఆరాధన తర్వాత నాలాంటి పిల్లల్ని వేదిక మీద వరసగా నిలబెట్టి బట్టలిచ్చారు. తలా ఒక్కరం మైకులో థాంక్స్ చెప్పాలి. నాకొచ్చిన నీలం గౌను ముందు వరసలో కూర్చున్న మా క్లాసమ్మాయిది. మెడ దగ్గర గుండీ ఊడిపోతే తెల్ల దారంతో కుట్టారు, ఆ గుండీని బట్టి గుర్తుపట్టాను. ఆ అమ్మాయీ గుర్తుపట్టింది. నాకు మాట రాలేదు. వెనక నుంచి ఎవరో వీపు మీద పొడిచి ‘చెప్పు, చెప్పు’ అన్నారు. చెప్పాను. ఫోటో తీశారు. ఇప్పటికీ ఎవరైనా నాకేదైనా ఇస్తే ముందు చూసేది చుట్టూ ఎవరున్నారనే.

మీ పిల్లలు బొమ్మ ఇస్తారు, మంచిదే. పుచ్చుకునే పిల్ల మొహం వాళ్లు చూసి తీరాలా? మత్తయి సువార్త 6లో, దానం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు కదా.

మంచుపువ్వు
చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. మేం ఈసారి ఎవరికో తెలియకుండా పంపేస్తాం.

సండేస్కూల్‌అక్క
మీకు జరిగింది తప్పే సిస్టర్, బాధ పడ్డాను. కానీ ఒక చోట సరిగ్గా జరగలేదని నేర్పడమే మానేస్తామా? ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని బైబిల్లో రాసి ఉంది.

పాతపెన్ను
‘విషయమునందును’. ‘విషయమునకు’ కాదు. ఆ గౌనుకి థాంక్స్ చెప్పి తీరాలని అక్కడ లేదు.

గోరువంక
నేను వేదికలేమీ ఎక్కించడం లేదండి, ఇంట్లోనే చేస్తున్నాను. కానీ ‘చెప్పు, చెప్పు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను అన్నదీ దాదాపు అదే.

నిద్రలేనినాన్న
మేం డబ్బా తీసేసి అడ్వెంట్ దండ, అంటే కొవ్వొత్తులు గుచ్చిన ఆకుల చక్రం, పెట్టాం. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే ఆయన, తన దగ్గర పెరుగుతున్న పేద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తుందని అడుగుతుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడట. రోజులు లెక్కపెట్టుకోవడానికి. మేం ఆదివారానికి ఒకటి చొప్పున నాలుగే వెలిగిస్తాం. వెలిగించాక నేనూ మా ఆవిడా ఒకరికొకరం థాంక్స్ చెప్పుకుంటాం. పిల్లాణ్ణి అడగం. రెండో ఆదివారం వాడే మధ్యలో దూరాడు. మళ్లీ డైనోసార్ గురించే అనుకోండి.

సండేస్కూల్‌అక్క
అందరూ ‘అడగకండి, ఒత్తిడి చేయకండి’ అనేవాళ్లే. అడక్కుండా పెంచిన పిల్లలు ఎలా తయారయ్యారో చూస్తున్నాం కదా. అన్నీ అమర్చి పెడితే పెద్దయ్యాక పండగ రోజు ఒక ఫోన్ కూడా చేయరు. చిన్నప్పుడు నోటితో అనిపించకపోతే పెద్దయ్యాక నోరు తిరగదు.

రెండోగౌను
ఆ, ఇప్పుడు బయటికొచ్చింది. అంటే ఇది కృతజ్ఞత నేర్పడం కాదు, అప్పు పత్రం రాయించుకోవడం. ఇప్పుడు చీటీలు వేయించుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత వసూలు చేసుకోవచ్చు. దేవుడి పేరు పైన, వసూలు మన ఖాతాలో. నన్ను వేదిక ఎక్కించినవాళ్ల లెక్కా ఇదే.

సండేస్కూల్‌అక్క
నోటికొచ్చినట్టు రాయకండి. మీకు ఆ గౌను ఇచ్చినవాళ్లలో నేను లేను. ముక్కూమొహం తెలియనివాళ్లందరి మీదా ఆ కోపం తీర్చుకుంటారా?

రెండోగౌను
ఫోన్ చేయని పిల్లల కోపం నాలుగేళ్ల పిల్ల మీద తీర్చుకుంటున్నది ఎవరు?

నిద్రలేనినాన్న
కాస్త నెమ్మది. పండగ ముందు.

లెక్కలమాస్టారు
అసలు ప్రశ్న పక్కకి పోయింది.

మంచుపువ్వు
పోలేదు మాస్టారు, ఇప్పుడే దొరికింది. డబ్బా ఉండాలా వద్దా అన్నది కాదు గొడవ. పిల్లలు మనకి బాకీనా కాదా అన్నది. నాకూ తెలియదు. కొన్ని రోజులు బాకీ అనే అనిపిస్తుంది.

సండేస్కూల్‌అక్క
రాత్రి కోపంలో రాశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నిజమే, మావాడి గురించే అన్నాను. రెండు క్రిస్మస్‌లు అయింది వాడి గొంతు విని. వాడికి మూడేళ్లకే కీర్తన 103 నోటికి నేర్పాను, ‘ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము’ అని. క్లాసులో అందరికంటే ముందు వాడే అప్పజెప్పాడు. వాడు నాకు బాకీ అని నేను అనుకోను. గుర్తుండాలనుకుంటాను. రెండూ ఒకటేనని మీకనిపిస్తే నేను చెప్పగలిగేది లేదు సిస్టర్.

రెండోగౌను
‘వసూలు’ అన్నందుకు సారీ అక్కా. మిగతా దాంట్లో నా మాట మారలేదు. గుర్తుండటం వేరు, గుర్తుంచుకోమని రోజూ గుర్తు చేయడం వేరు. అది చేస్తే గుర్తుండేది గుర్తు చేసినవాళ్లే.

సండేస్కూల్‌అక్క
ఏమో. నేను నేర్పిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక వచ్చి పలకరిస్తారు. మా ఇంటివాడే రాడు.

గోరువంక
మూడు రోజుల తర్వాత వస్తున్నాను. నిన్న ఆదివారం మూడో కొవ్వొత్తి వెలిగించి డబ్బా తెరిచాం. క్రిస్మస్ దాకా ఆగుదామనుకున్నాను కానీ ఆగలేకపోయాను. బాబు చీటీలన్నీ ఒకటే అక్షరం, ఒకటే మాట: ‘అమ్మకి, నాన్నకి, దేవుడికి థాంక్స్’. ఒక్కసారే కూర్చుని అన్నీ రాసి పెట్టుకున్నాడట, రోజుకొకటి వేస్తున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాప చీటీల్లో ఒకదాంట్లో పెద్ద గుండ్రం, దాని కింద చిన్న గీత ఉన్నాయి. ఇదేంటి అన్నాను. ‘అది నువ్వు. నోరు మూసుకుని ఉన్నావు. ఆ రోజు అరవలేదు’ అంది. పాలు ఒలికిన రోజట. నాకసలు గుర్తే లేదు.

‘చీటీ వేస్తేనే కథ’ తీసేశాను. ఇక ఆదివారం ఆదివారమే, ముందు నేనూ మావారూ వేస్తాం. పిల్లలకి బుద్ధి పుడితే వేస్తారు. డబ్బా మాత్రం ఉంటుంది, అక్కతో ఆ మేరకు ఏకీభవిస్తాను. ఏదీ పెట్టకపోతే ఆ గుండ్రం కూడా నాకు దొరికేది కాదు. బొమ్మ మాత్రం ఎవరికి చేరుతుందో పిల్లలకి చెప్పకుండా పంపేశాం.

వేళ్ల కథ కూడా చెప్పాం. ఈసారి తొమ్మిది వేళ్లనీ వీపు వెనక దాచలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. వాళ్లెక్కడికి వెళ్లారని నేనే అడిగాను. బాబు అన్నాడు: ‘ఇంటికెళ్లుంటారు. చాలా రోజులైంది కదా, వాళ్లమ్మ చూస్తూ ఉంటుంది.’

పాతపెన్ను
ముందు యాజకుల దగ్గరికి. ఇల్లు ఆ తర్వాత. 14వ వచనం.

సండేస్కూల్‌అక్క
ఈ ఒక్కసారికి వదిలేయండి బ్రదర్.