హ్యూస్టన్‌లో ఛానల్ 8 యాంటెన్నాకి ఎందుకు అందట్లేదు?

కేటీ_నాన్న (ప్రశ్న):
హ్యూస్టన్ పక్కన కేటీలో రెండంతస్తుల ఇల్లు. కేబుల్ లేదు. కిటికీకి అతికించే పల్చటి ఫ్లాట్ యాంటెన్నా, దానికి యూఎస్‌బీతో నడిచే చిన్న యాంప్లిఫైయర్ ఉన్నాయి. 2.1, 26.1 శుభ్రంగా వస్తున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ వాళ్ల పబ్లిక్ టీవీ, ఛానల్ 8, మాత్రం ఒక స్కాన్‌లో కనపడితే ఇంకో స్కాన్‌లో మాయం. వచ్చినప్పుడూ బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. 11, 13 కూడా అంతంతమాత్రమే. యాంటెన్నా యూనివర్సిటీ ఉన్న దిక్కుకే పెట్టి ఉంది. పిల్లల ఛానల్ దీంట్లోనే ఉంది కాబట్టి 8 తప్పనిసరి. "200 మైళ్లు" అని రాసి అమ్ముతున్న యాంటెన్నా కొంటే పని అవుతుందా?

డైపోల్77:
ఆ మైళ్ల లెక్క నమ్మకండి. అది డబ్బా మీద బొమ్మ లాంటిదే.

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఇబ్బంది పెడుతున్నవి 8, 11, 13. మూడూ వీహెచ్‌ఎఫ్, అంటే తక్కువ పౌనఃపున్యం, పొడవైన తరంగాలు. టీవీలో కనపడే నంబరు వేరు, గాల్లో వచ్చే అసలు ఛానల్ వేరు కావచ్చు. మీ 2.1 నిజానికి యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ పౌనఃపున్యం, పొట్టి తరంగాలు) 35 మీద వస్తోంది, 26.1 కూడా యూహెచ్‌ఎఫే. 8 మాత్రం నిజంగానే 8 మీద, అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య ఉంది. అక్కడ తరంగం పొడవు సుమారు 164 సెంటీమీటర్లు. సగం తరంగం యాంటెన్నా కావాలన్నా 80 సెంటీమీటర్ల దాకా లోహం ఉండాలి. అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీట్‌లో అంత ఎక్కడుంది? అది 470 మెగాహెర్ట్జ్ పైన ఉన్న యూహెచ్‌ఎఫ్‌కి చేసింది.

ముందు పది పదిహేను డాలర్లలో దొరికే పాతకాలం రెండు కర్రల యాంటెన్నా తెచ్చి చూడండి, మధ్యలో యూహెచ్‌ఎఫ్ రింగు ఉన్నది. కర్రలు మొత్తం లాగేయడమే అందరూ చేసే తప్పు. 8 కోసమైతే ఒక్కో కర్ర 39 సెంటీమీటర్లు చాలు. మూడు ఛానళ్లూ కావాలంటే 36–37 దగ్గర ఆపండి. వీ ఆకారంలో పైకి లేపకుండా, రెండూ ఒకే గీతలో నేలకి సమాంతరంగా పరవండి. కర్ర కొస కాదు, కర్ర అడ్డంగా ఉన్న వైపు టవర్‌ని చూడాలి.

ఇంకోటి. స్టూడియో క్యాంపస్‌లోనే ఉంది, టవర్ అక్కడ లేదు. హ్యూస్టన్ పెద్ద ఛానళ్ల టవర్లు చాలావరకు మిస్సోరీ సిటీ దగ్గర గుంపుగా ఉన్నాయి, 8 టవర్ కూడా అక్కడే. కేటీ నుంచి క్యాంపస్ దాదాపు నేరు తూర్పు. టవర్లు ఆగ్నేయంలో, ఫోన్ కంపాస్‌లో 125 డిగ్రీల దగ్గర, 25 మైళ్ల దూరంలో. వాస్తు చూసి కట్టిన ఇల్లయితే వంటగది వైపు తిప్పండి, సరిపోతుంది :)

వైర్‌మ్యాన్_టీఎక్స్:
పైన చెప్పినదంతా సరే. కానీ అన్నిటికంటే ముందు ఆ యూఎస్‌బీ యాంప్లిఫైయర్ తీసేసి స్కాన్ చేయండి. రెండు కారణాలు.

ఒకటి ఎఫ్‌ఎం రేడియో. 90–93 మెగాహెర్ట్జ్‌లో వచ్చే ఎఫ్‌ఎం సిగ్నల్ పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే సరిగ్గా 180–186, అంటే ఛానల్ 8 నెత్తిమీదే. బలమైన ఎఫ్‌ఎం చౌక యాంప్లిఫైయర్‌లోకి వెళ్తే అది ఉక్కిరిబిక్కిరై ఆ రెట్టింపు పౌనఃపున్యాన్ని తనలోనే పుట్టిస్తుంది. యూహెచ్‌ఎఫ్ ఛానళ్లు బాగానే ఉంటాయి కాబట్టి అనుమానం అటు పోదు. యాంప్లిఫైయర్ తప్పనిసరైతే దాని ముందు ఎఫ్‌ఎం ట్రాప్ (ఎఫ్‌ఎంని అడ్డుకునే ఫిల్టర్) పెట్టండి. తర్వాత పెడితే ప్రయోజనం లేదు, చెడు అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

రెండోది ఇంట్లో పుట్టే రొద. చౌక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఆ యాంప్లిఫైయర్ అడాప్టర్ కూడా, వీహెచ్‌ఎఫ్‌లో రొద చేస్తాయి. 8 పెట్టి టీవీలో సిగ్నల్ మీటర్ తెరిచి, ఇంట్లో దీపాలు ఒక్కో గదీ ఆపుతూ చూడండి. మీటర్ ఎగబాకిన గదిలో దొంగ ఉన్నట్టు. ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలమో చెప్పే అంకె) చూపించే టీవీ అయితే 15 డీబీ (డెసిబెల్) దగ్గర బొమ్మ పూర్తిగా పోతుంది, కనీసం 20–25 ఉండేలా చూసుకోండి. డిజిటల్‌లో మసకబారడం ఉండదు. ఉంటే నిండుగా ఉంటుంది, లేదంటే గళ్లుగా విరిగి, ఆపై నలుపే.

అటకలో పెట్టాలనుకునేవాళ్లకి: టెక్సస్ కొత్త ఇళ్లలో పైకప్పు చెక్క లోపలి వైపు వేడి ఆపడానికి వెండిరంగు రేకు అతికిస్తారు. అది ఉంటే అటకలో యాంటెన్నా దండగ. టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

కేటీ_నాన్న:
అటకలో రేకు ఉందండి, మెరుస్తోంది. అయితే బయటే పెట్టాలి. కానీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డిష్‌లకీ యాంటెన్నాలకీ అనుమతి లేదని రాశారు. మూడు టీవీలకి పంచాలి కూడా.

డైపోల్77:
సొంత ఇల్లయితే హెచ్‌ఓఏ ఆపలేదు. అమెరికాలో ప్రసారాలని నియంత్రించే ఎఫ్‌సీసీ వాళ్ల ఓటీఏఆర్‌డీ అనే యాంటెన్నాల నియమం 1996 నుంచి ఉంది, టీవీ యాంటెన్నాలు దాని కిందకే వస్తాయి. రిసెప్షన్ పాడవకుండా, ఖర్చు పెరగకుండా ఉంటే వెనకవైపు పెట్టమని అడగొచ్చు, అంతే. పైకప్పు మీద 12 అడుగులు దాటిన స్తంభానికి మాత్రం పర్మిట్ అడిగే హక్కు ఉంది. మీకు అంత ఎత్తు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వాళ్లకి ఈ హక్కు సొంత బాల్కనీ వరకే, అందరి పైకప్పుకి వర్తించదు.

కొనేటప్పుడు "హై-వీహెచ్‌ఎఫ్, ఛానల్ 7–13" అని స్పష్టంగా రాసి ఉన్నదీ, కంటికి కనపడేలా పొడవైన అడ్డ కడ్డీలు ఉన్నదీ తీసుకోండి. మాట ఉండి కడ్డీ లేకపోతే వదిలేయండి.

కేబుల్ ఆర్‌జీ6 రకం (టీవీకి వాడే గుండ్రటి కోయాక్సియల్ కేబుల్) తీసుకోండి. వంద అడుగులకి వీహెచ్‌ఎఫ్‌లో సుమారు 3 డీబీ, యూహెచ్‌ఎఫ్‌లో 5 దాకా పోతుంది. సిగ్నల్‌ని పంచే రెండు దారుల స్ప్లిటర్ 3.5 డీబీ తింటుంది, నాలుగు దారులది 7. 25 మైళ్లకి, యాంటెన్నా బయట ఉంటే, యాంప్లిఫైయర్ లేకుండానే మూడు టీవీలు నడవాలి. వాడని పోర్టుకి 75 ఓమ్ టెర్మినేటర్ (చిన్న మూత లాంటిది) బిగించండి.

వైర్‌మ్యాన్_టీఎక్స్:
ఎర్త్ మర్చిపోకండి, హ్యూస్టన్‌లో పిడుగులకి కొదవ లేదు. స్తంభం నుంచి ఒకటి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట గ్రౌండ్ బ్లాక్ (కేబుల్‌ని ఎర్త్‌కి కలిపే లోహపు ముక్క) నుంచి ఒకటి, 10 గేజ్ రాగి తీగ కరెంటు మీటర్ దగ్గరున్న గ్రౌండ్‌కే కలపాలి. విడిగా రాడ్ పాతి వదిలేస్తే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా మీ టీవీ గుండా పోతుంది. రాడ్ పాతితే 6 గేజ్ రాగితో ఇంటి గ్రౌండ్‌కి కలిపి తీరాలి.

పియర్‌ల్యాండ్_పద్మ:
ఇండియా నుంచి తెచ్చుకున్న టీవీకి ఇవేవీ పనిచేయవు. అక్కడి ట్యూనర్ డీవీబీ పద్ధతిది, ఇక్కడి డిజిటల్ ప్రసారాలు ఏటీఎస్‌సీ పద్ధతివి. మానిటర్లకీ, చాలా ప్రొజెక్టర్లకీ అసలు ట్యూనరే ఉండదు. విడిగా ఏటీఎస్‌సీ ట్యూనర్ పెట్టె కొని హెచ్‌డీఎంఐకి తగిలించాలి.

పిల్లల ఛానల్ ఒక్కటే కావాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు, అమెరికా పబ్లిక్ టీవీ నెట్‌వర్క్ పీబీఎస్ వాళ్ల పీబీఎస్ కిడ్స్ యాప్‌లో లైవ్ ఉచితం. పాత కార్యక్రమాలు చూపించే "పాస్‌పోర్ట్" అనే సేవ కావాలంటే స్టేషన్‌కి చందా కట్టాలి, మామూలుగా నెలకి 5 డాలర్లు లేదా ఏడాదికి 60. విజయవాడలో ఉన్న తాతయ్యకి లాగిన్ ఇద్దామనుకుంటే కుదరదు, చాలా కార్యక్రమాలు అమెరికా దాటి తెరుచుకోవు.

ఇంకో సంగతి, ఈ 8 నంబరు ఒకప్పుడు వరం. 1952లో ఎఫ్‌సీసీ చదువుల కోసం 242 ఛానళ్లు పక్కన పెడితే అందులో 162 యూహెచ్‌ఎఫ్‌లో పడ్డాయి, అప్పటి టీవీల్లో చాలావాటికి అవి అందేవే కావు. హ్యూస్టన్‌కి వీహెచ్‌ఎఫ్ దక్కింది. 1953 మే 25న యూనివర్సిటీ, హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ కలిసి మొదలుపెట్టిన ఈ స్టేషనే అమెరికాలో మొదటి వాణిజ్యేతర విద్యా టీవీ. ఇప్పుడు ఇళ్లలో చిన్న యాంటెన్నాలు వచ్చాక అదే నంబరు గుదిబండ అయింది.

2025లో కాంగ్రెస్ పబ్లిక్ ప్రసారాలకి ముందే కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది కాబట్టి, చందా కట్టేవాళ్లు యాప్‌లో కాకుండా స్టేషన్ సొంత సైట్‌లోనే కట్టండి. ఏ స్టేషన్‌కి పోతోందో రసీదులో కనపడుతుంది, పన్ను లెక్కకీ పనికొస్తుంది.