హెచ్‌ఓ స్కేలు (1:87) మోడల్ రైలుకి సొంతంగా కట్టిన 40 అడుగుల ఫ్లాట్‌కార్: డెక్ వంగుతోంది, బరువూ చాలడం లేదు

చిన్నపట్టాలు
నమస్కారం అండీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటుతో 40 అడుగుల ఫ్లాట్‌కార్, అంటే గోడలూ కప్పూ లేని సరుకు బండి మోడల్ కట్టాను. డెక్ 140 × 31.5 మి.మీ. అడుగున 1 మి.మీ. షీటు, దాని మీద పలకల గీతలున్న 0.5 మి.మీ. షీటు. రెండూ ఎంఈకే అనే ద్రావకంతో అతికించినవే. అతికించిన రోజు అద్దం మీద పెడితే తిన్నగానే ఉంది. మూడు వారాలకు రెండు కొసలూ 1.2 మి.మీ. పైకి లేచాయి. ట్రక్కులు (చక్రాలు అమర్చే బోగీ చట్రాలు), చక్రాలు, కప్లర్లు (కార్లను కలిపే కొక్కేలు) అన్నీ కలిపి బరువు 38 గ్రాములే. 457 మి.మీ. వ్యాసార్ధం వంపులో ముందు ట్రక్కు చక్రం పట్టా ఎక్కి పడిపోతోంది. కప్లర్ కూడా పక్క కారు నుంచి ఊడొస్తోంది. అన్ని వైపులా మూసి ఉండే బాక్స్‌కార్ అయితే లోపల దాచేయొచ్చు, ఫ్లాట్‌కార్‌లో బరువు ఎక్కడ పెట్టాలి? ఈ డెక్ బాగుపడుతుందా?

రివెట్‌లెక్క
ముందు వంపు సంగతి. ఎంఈకే స్టైరీన్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. సన్నటి అంచు అతుకులో అయితే ద్రావకం వెంటనే ఆవిరైపోతుంది. 31 మి.మీ. వెడల్పున రెండు షీట్ల మధ్య చిక్కితే దానికి దారి ఉండదు, ప్లాస్టిక్‌లోంచే ఊరుతూ వారాల తరబడి బయటికొస్తుంది. పల్చటి పై షీటు ఎక్కువ మెత్తబడి, ఆరేకొద్దీ ఎక్కువ కుంచించుకుంటుంది. కొసలు పైకి లేచింది అందుకే. కొసతో పాటు కప్లర్ కూడా లేస్తుంది కాబట్టి అది ఊడిపోవడంలో వింతేం లేదు.

సిల్లులు (డెక్ కింద పొడవునా ఉండే దూలాలు) ఇంకా అతికించకపోతే బాగుచేయొచ్చు. అడుగు షీటుకి కింది నుంచి 15 మి.మీ. ఎడంతో 1.5 మి.మీ. రంధ్రాలు వేయండి, పై షీటులోకి దిగకుండా. తర్వాత అడుగున కూడా 0.5 మి.మీ. షీటు అతికించండి, దానికీ రంధ్రాలుండాలి. రెండు అద్దం పలకల మధ్య బిగించి కనీసం రెండు వారాలు వదిలేయండి. రెండు వైపులా ఒకేలా లాగితే డెక్ తిన్నగా నిలుస్తుంది. సిల్లులు అతికించేసి ఉంటే మాత్రం కొత్తది కట్టడమే మేలు. వేడినీళ్లలో ముంచి సరిచేసే పద్ధతిని నేను నమ్మను. లోపల ద్రావకం మిగిలున్నంత కాలం అది మళ్లీ వంగుతుంది, పైగా పలకల గీతలు చెడతాయి.

గేజి87
కొత్తది కట్టేటట్టయితే బరువు కోసం విడిగా చోటు వెతకక్కర్లేదు, డెక్ మధ్య పొరనే ఇత్తడి చేయండి.

అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వారి ఆర్‌పీ-20.1 సిఫారసు ప్రకారం హెచ్‌ఓలో కారుకి 1 ఔన్సు, దాని మీద పొడవు అంగుళానికి అర ఔన్సు. మీది 5.5 అంగుళాలు, అంటే 3.75 ఔన్సులు, దాదాపు 106 గ్రాములు. ఇప్పుడున్నది అందులో సగం కూడా కాదు.

136 × 27.5 × 1 మి.మీ. ఇత్తడి రేకు సుమారు 32 గ్రాములు తూగుతుంది. చుట్టూ 1 × 2 మి.మీ. స్టైరీన్ పట్టీ పెడితే పక్కనుంచి లోహం కనబడదు. పైనా కిందా 0.5 మి.మీ. షీట్లు. సెంటర్ సిల్లుల మధ్య, రెండు ట్రక్కుల నడుమ 85 × 8 × 2 మి.మీ. సీసం పట్టీ పడుతుంది, అదో 15 గ్రాములు. మొత్తం 83 దగ్గర తేలుతుంది. మిగతా 23 గ్రాములకు కలప దొంతరలాంటి సరుకు చేసి లోపల సీసం దాచండి. ఖాళీ కారుగానే కావాలంటే రైలు చివర్న తగిలించండి. తేలిక కారు ముందుండి వెనక బరువు లాగుతుంటే వంపులో లోపలికి పడిపోతుంది.

ఇనుప రేకు కూడా దాదాపు అంతే తూగుతుంది కానీ వద్దు. పట్టాల మధ్య కప్లర్ విడిపించే అయస్కాంతాలుంటే కారు వాటి మీద ఆగుతూ, ఉలిక్కిపడుతూ పోతుంది.

ఇత్తడికి సూపర్‌గ్లూ వాడకండి. వేడికి స్టైరీన్ ఇత్తడి కన్నా మూడింతలకు పైగా సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు ఈ పొడవులో 0.14 మి.మీ. తేడా వస్తుంది. సూపర్‌గ్లూ పెళుసు కాబట్టి అతుకు విడుతుంది. సాగే గుణమున్న కాంటాక్ట్ జిగురో, పల్చటి డబుల్ సైడ్ టేపో వాడండి.

రివెట్‌లెక్క
సీసం మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సీసం గుండ్లని తెల్ల జిగురు, అంటే పీవీఏతో అతికించకండి. అందులోని ఆమ్లంతో సీసం చర్య జరిపి తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది. ఏళ్లు గడిచాక కారు పక్కలు పగులుతాయి. ఎపాక్సీ వాడండి, సీసం కోశాక చేతులు కడుక్కోండి.

చిన్నపట్టాలు
సిల్లులు అతికించేశాను, కాబట్టి కొత్తదే. ఇత్తడి మధ్య పొరతో డెక్ మందం 1.5 నుంచి 2 మి.మీ.కి పెరుగుతుంది. కారు ఎత్తు పెరగదా? పట్టా ఎక్కడం బరువుతోనే పోతుందా?

గేజి87
పై మట్టం మారకుండా ఆ అర మిల్లీమీటరు బోల్‌స్టర్ (ట్రక్కు బిగించే అడ్డదూలం) మందంలోంచి తీసేయండి. కప్లర్ మధ్య గీత పట్టా పైనుంచి 9.9 మి.మీ. ఉండాలి. కంటితో కాదు, ఎత్తు గేజితో చూడాలి. తక్కువైతే ట్రక్కు మీద 0.25 లేదా 0.4 మి.మీ. ఫైబర్ వాషరు వేయండి. ఎక్కువైతే బోల్‌స్టర్‌నే అరగదీయండి. కప్లర్ పెట్టెని కిందికి దించుతూ పోతే దాని కింద వేలాడే ట్రిప్ పిన్ పట్టాలు చీలే స్విచ్చిల దగ్గర తగులుకుంటుంది.

పట్టా ఎక్కడం బరువొక్కదానితో పోదు. రెండు ట్రక్కుల స్క్రూలూ ఒకేలా బిగిస్తే ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రం గాల్లో ఉంటుంది. ఒక ట్రక్కు తిరగాలి గానీ పక్కలకు ఊగకూడదు. రెండోదాని స్క్రూ అర చుట్టు వదులు చేసి అన్ని వైపులా ఊగనివ్వాలి. అద్దం మీద పెట్టి ఒక చక్రం కింద 0.3 మి.మీ. కార్డు ముక్క దూర్చండి. రెండో ట్రక్కు చక్రాలు నాలుగూ అద్దాన్ని తాకుతూనే ఉండాలి. 457 వంపులో ట్రక్కు పూర్తిగా తిరిగినప్పుడు చక్రం సిల్లుకి గానీ మెట్టుకి గానీ రాసుకుంటోందేమో కూడా చూడండి. రాసుకున్న చోట రంగు పోయి మెరుస్తుంది.

పిన్‌వైజ్
ఇంకొకటి. ఇత్తడి రేకు లోపలున్నప్పుడు ట్రక్కులు కూడా లోహానివైతే షార్ట్ సర్క్యూట్ చూసుకోండి. ఇన్సులేషన్ ఉన్న చక్రాలు రెండు ట్రక్కుల్లోనూ కారుకి ఒకే పక్కన ఉండాలి. ఒక ట్రక్కు తిరగేసి బిగిస్తే రేకు మీదుగా రెండు పట్టాలూ కలిసిపోతాయి. లోహపు కప్లర్లు లోహపు పెట్టెల్లో ఉంటే పక్క కారుతో కూడా ఇదే గొడవ. ప్లాస్టిక్ ట్రక్కులూ ప్లాస్టిక్ పెట్టెలూ వాడితే ఈ బాధ ఉండదు.

స్క్రూ రంధ్రాలు డెక్ అతికించకముందే ఇత్తడికి వేసి మర కోయండి. అమెరికన్ కొలత 2-56 స్క్రూకి 1.8 మి.మీ. డ్రిల్లు, ఎం2కి 1.6. అతికించాక వేస్తే ఇత్తడి వేడెక్కి చుట్టూ ఉన్న స్టైరీన్ కరుగుతుంది.

గ్రాబ్ ఐరన్లు (చేత్తో పట్టుకునే కడ్డీలు) 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగతో వంచండి, రంధ్రం 0.35. అక్కడ సూపర్‌గ్లూ పర్లేదు, చుక్క వెనకనుంచి పెట్టాలి. ముందు నుంచి పెడితే తెల్లటి మరక రంగు వేశాక కూడా ఉబ్బుగా కనబడుతుంది.