ఆసుపత్రిలో చాప్లిన్ గారి పరామర్శ: అంగీకరించవచ్చునా?

ప్రశ్న (అమలాపురం):
కాలేయ క్యాన్సరుతో ఉన్న మా మామయ్య గారిని ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్పించాము. అక్కడి చాప్లిన్ గారు (రోగులను పలకరించి ధైర్యం చెప్పే క్రైస్తవ మతసేవకులు) రోజూ సాయంత్రం మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటున్నారు. మేము హిందువులము. మామయ్య గారు ఆయన రాక కోసం ఎదురుచూస్తున్నారు గానీ, మతం మార్పిస్తారేమోనని అత్తయ్య గారు భయపడుతున్నారు. ఏమి చేయమంటారు?

జవాబు (విశ్రాంత నర్సు, నరసాపురం):
రానివ్వండి. 1967లో లండన్‌లో చివరి దశలోని రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్, ఒంటి నొప్పితో పాటు మనసూ కుటుంబమూ నమ్మకమూ పడే బాధను కూడా కలిపి చూడాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనం కూడా ఉపశమన చికిత్సలో ఆధ్యాత్మిక సమస్యలను చేర్చింది. మా వార్డులో ఒక కొబ్బరి దింపు కార్మికుడు, భార్యకు సైతం చెప్పని అప్పు సంగతి చాప్లిన్ గారికి చెప్పుకొని, ఎన్నో రోజుల తరువాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

జవాబు (చాప్లిన్, భీమవరం):
అడగకుండా ప్రార్థన చేయకూడదండీ. వద్దంటే నమస్కరించి వెళ్లిపోవాలి. ఒక పెద్దాయన దిండు కింద అన్నవరం ప్రసాదం ఉంటే, ఆయన కోరిక మీద ఆ ఆకు పొట్లం నేనే విప్పి చేతిలో పెట్టాను. అయితే అత్తయ్య గారి భయాన్ని తేలికగా తీసుకోకండి. వరండాలో క్యారియరు పట్టుకొని కూర్చున్నవారిని చాలాసార్లు ఎవరూ పలకరించరు, నిజానికి వారికే మాట తోడు ఎక్కువ అవసరం. ఆమె భయం సంగతి చాప్లిన్ గారికే సూటిగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
రేపు సాయంత్రం అత్తయ్య గారిని కూడా లోపల కూర్చోబెడతాము.