సూపర్ లీగ్ కేసులో కోర్టు అసలు ఏం తేల్చింది?

క్రీడా చట్టాలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు సూపర్ లీగ్ అంటూ వేరుకుంపటి పెట్టాయి కదా, వ్యవస్థాపక క్లబ్బులు ఎంత చెత్తగా ఆడినా చోటు పోదన్నమాట, అదే నాకు మింగుడుపడలేదు. రెండు రోజులకే లండన్ క్లబ్ చెల్సీ అభిమానులు తమ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ బయట సొంత టీమ్ బస్సుకే అడ్డం పడితే, ఆ క్లబ్ మాజీ గోల్‌కీపర్ పీటర్ చెక్ స్వయంగా వచ్చి వాళ్లను బతిమాలాడు. ఆ రాత్రికే ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ జారుకోవడం మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను.

మరి 2023 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు, కొత్త టోర్నీలకు ముందస్తు అనుమతిపై ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ పెట్టుకున్న నియమాలు చట్టవిరుద్ధమంది. అంటే తలుపులు మూసుకున్న లీగ్‌కు కూడా దారి ఇచ్చినట్టేనా? లేక నియమాలు పారదర్శకంగా మార్చుకుంటే యూఈఎఫ్‌ఏ కాదనొచ్చా? 2016లో లెస్టర్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలిచినట్టు ఇంకో చిన్న క్లబ్ గెలిస్తే, దానికి యూరప్‌లో చోటు ఉంటుందా?