ఉప్పాడ తీరం: ఉప్పెక్కిన ఫిల్టర్ పాయింటుకు బదులు అడ్డం పైపులు పనిచేస్తాయా?

కోతతో సముద్రం ఇంకా దగ్గరికొచ్చింది. అలలకు 150 మీటర్ల దూరంలో, ఇసుక నేలలో మా 30 అడుగుల ఫిల్టర్ పాయింటు (ఇసుకలోకి దించిన, అడుగున జల్లెడ ఉన్న గొట్టపు బోరు). మోటారు వేయగానే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 900, అరగంటకు 2,600. వేరే నీళ్లు దొరకని చోట కూడా తాగునీటికి హద్దు 2,000.

60 అడుగులకు దించితే ఇంకా ఉప్పన. జరిగేదే అది: మంచినీరు పైన తేలుతుంది, దాని మట్టం ఒక అడుగు తగ్గితే కింది ఉప్పునీరు 40 అడుగుల దాకా ఎగదన్నుతుంది. అర హెచ్‌పీ మోటారు పెడితే ఉప్పు కాస్త ఆలస్యంగా ఎక్కుతోంది, అంతే. డాబా మీది వాననీళ్లు ఇంకుడుగుంతకు మళ్లించాం. సంక్రాంతి దాటితే ఆ ఫలితమూ ఉండట్లేదు. నీళ్ల కోసమే కొన్ని ఇళ్లవాళ్లు కాకినాడ వెళ్లిపోయారు, మిగిలినవాళ్లను నిలబెట్టాలి.

ఇలాంటి ఇసుకలో పైనున్న మంచినీరే వచ్చేలా 12 అడుగుల లోతునే చిల్లుల పైపులు అడ్డంగా పరిచి తోడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మే నెలలో మీ టీడీఎస్ ఎంత వస్తోంది?